పొలిమేరకట్టు, కోరంటి, కట్టడి: కరీంనగర, ఆదిలాబాదు మండలముల సాంక్రామికరోగ చరిత్రము

శార్వరి నామ సంవత్సరాది, అనఁగా 2020వ సంవత్సరము మార్చి 25వ తేదీ, భారతదేశ మంతటను గృహనిర్బంధము ప్రారంభమైన దినము. శార్వరి యనఁగా రాత్రి. నాఁడు పంచాంగశ్రవణమునకు దేవాలయములలో జనులు కూడలేదు. వేములవాడయందును, ధర్మపురియందును, బాసరయందును భక్తులకుఁ బ్రవేశము లేకపోయెను. పిదపఁ బ్లవ, శుభకృత్తు సంవత్సరములు గడచినవి. శోభకృత్తునందు, 2023 మే 5వ తేదీని, ఆ రోగమువలని యంతర్జాతీయ విపత్కాలము ముగిసినదని ప్రపంచారోగ్యసంస్థ ప్రకటించెను. విపత్కాలము ముగిసినదే కాని రోగము తొలఁగిపోలేదు. అది నేఁటికిని జలుబు దగ్గులతోఁ గలసి మన నడుమఁ దిరుగుచునే యున్నది.

పొలిమేరలు మూసి రోగమును వెలివేయుట మేలా, లేక రోగము మనతోడనే యుండునని యొప్పుకొని దానితో మెలఁగుట మేలా యను వివాద మా మూఁడేండ్లలోఁ బండితులయందును బామరులయందును మిక్కిలిగా జరిగినది. చీనాదేశమువారు 2020 జనవరి 23వ తేదీని వూహాను నగరమును మూసి, కఠిన నిర్బంధమును 2022 డిసెంబరు వఱకు విడువరైరి. స్వీడనువారు జనులను గృహములందు నిర్బంధింపక, హితోపదేశముతోడను గొలఁది నియమములతోడను గడపిరి. ఈ రెండింటిలో నేది మేలని వాదించుట నా యుద్దేశము గాదు. ఈ వివాదము మనకుఁ గ్రొత్తది కాదనియు, మన రెండు మండలముల చరిత్రమునం దీ రెండు మార్గములును బలుమాఱులు పరీక్షింపఁబడినవనియు, ఆ చరిత్రమునుండి యొక నియమమును దీయవచ్చుననియుఁ జూపుటయే నా ప్రయత్నము.

ఇందుఁ గరీంనగర, ఆదిలాబాదు మండలములనఁగాఁ బూర్వపు మండలములని గ్రహింపవలెను. ఏలగందుల మండలము 1905లోఁ గరీంనగర మండలమయ్యెను. ఆ యేఁటనే సిర్పూరు తాండూరు ప్రాంత మాదిలాబాదు మండలమయ్యెను. 2016 అక్టోబరు 11వ తేదీని జరిగిన విభాగమువలనఁ గరీంనగరమునుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్లయు, ఆదిలాబాదునుండి నిర్మల, మంచిర్యాల, కుమురం భీము ఆసిఫాబాదును వేఱు మండలములైనవి. గోదావరి యీ రెంటి నడుమఁ బాఱుచున్నది.

శాస్త్రము, ఆచారము

మొదట శాస్త్రమును జూతము. చరకసంహిత విమానస్థానమునందలి మూఁడవ యధ్యాయము జనపదోద్ధ్వంసనీయము. శరీరప్రకృతులు వేఱువేఱైన జను లేకకాలమున నొక్క రోగముచేతనే యెట్లు నశింతురని యందుఁ బ్రశ్న. వాయువు, జలము, దేశము, కాలము అను నాలుగును జనులకందఱకు సాధారణములగుటచే, నవి చెడినపుడు జనపదమే చెడునని సమాధానము. సుశ్రుతసంహిత నిదానస్థానము మఱియొక త్రోవఁ జూపినది. స్పర్శము, నిశ్శ్వాసము, సహభోజనము, ఏకశయ్య, ఒకరి వస్త్రమాల్యముల నొకరు ధరించుట, అను వీనివలనఁ గుష్ఠము, జ్వరము, శోషము, నేత్రాభిష్యందము మొదలగునవి నరునినుండి నరునకు సంక్రమించునని యందుఁ గలదు. ఈ రెండభిప్రాయముల ఫలము వేఱు. గాలియు నీరును జెడినచోఁ జోటు విడువవలెను. స్పర్శశ్వాసములే ద్వారములైనచో రోగిని వేఱుపఱుపవలెను. కాఁబట్టి దేనిని గట్టవలెననుట రోగకారణమును బట్టి యుండును గాని కట్టువాని యధికారమును బట్టి యుండదు. ఈ మాటను ముందు మఱల స్మరింపవలసి యుండును.

ఇఁక నాచారము. మన పల్లెలలో మసూచిని రోగమని పిలుచువారు కారు. అమ్మవారు, తల్లి యనియే వ్యవహారము. అమ్మవారు పోసిన యింటి గడపకు వేపమండలు కట్టుదురు. ఆ యింటఁ బోపు పెట్టరు. అన్యులు లోనికిఁ బోరు. రోగిని వేపాకులపైఁ బరుండఁబెట్టి, గడువు తీఱిన పిదప వేపనీటఁ దానము చేయించి పోచమ్మకు నైవేద్య మిత్తురు. వేపమండ దేవతాచిహ్నమే కాక, లోనికి రావలదను హెచ్చరిక కూడ. ఇది యింటికట్టు. ఊరికట్టు వేఱు. బొడ్రాయి పండుగనాఁ డూరి పొలిమేరలు కట్టి, వెలివారు లోనికి రాకుండను, లోనివారు వెలికిఁ బోకుండను జేయు నాచారము తెలంగాణమున నేఁటికిని గలదు. 2020 మార్చి నెలలో మన పల్లెలవారు రాజాజ్ఞకు నిరీక్షింపక ముండ్లకంపలును జెట్లకొమ్మలును దారుల కడ్డముగా వేసికొనిరి. వారికి లాక్‌డౌను అను మాట క్రొత్తదే కాని పొలిమేరకట్టు క్రొత్తది కాదు.

ఈ యాచారములందు రెండు గుణములు గలవు. కట్టునకు గడువు కలదు; కట్టినవారును గట్టఁబడినవారును నొక్క యూరివారే. అయినను వీనిని గేవలము స్తుతించి విడుచుట సత్యము గాదు. అంటు అను ధాతువును జూడుఁడు. అంటురోగ మందుండియే వచ్చినది; అంటరానితనమును నందుండియే వచ్చినది. రోగమునకుఁ జెప్పవలసిన మాటను మనుష్యజాతికిఁ జెప్పి, గడువు లేని కట్టును బెక్కు తరములవారిపై మోపిన దోషము మన సంఘమునకుఁ గలదు. కట్టు రోగమును విడిచి మనుష్యునిఁ బట్టుకొనుట యెంత సులభమో యీ యొక్క ధాతువు చెప్పుచున్నది.

ప్లేగు, కోరంటి

1896లో బొంబాయి నగరమునఁ బ్లేగు పొడసూపెను. 1897 ఫిబ్రవరి 4వ తేదీని నాంగ్లప్రభుత్వము సాంక్రామికరోగముల చట్టమును జేసెను. ప్రయాణికులను బరీక్షించుటకు, వేఱుపఱచి యుంచుటకు, నవసరమని తోఁచిన యే యుత్తరువునైనను జేయుటకు నా చిన్న చట్టము ప్రభుత్వమున కధికార మిచ్చినది. పూనాలో సైనికు లిండ్లు చొచ్చి రోగులను వెదకిన తీరునకు జనులు క్రుద్ధులైరి. జూను 22వ తేదీని ప్లేగు అధికారియగు ర్యాండును జాపేకరు సోదరులు కాల్చిరి. రోగమును బట్టఁబోయి జనుల మానమును బట్టుకొన్నచో నేమగునో యా వృత్తాంతము చూపినది. నూటయిరువది మూఁడేండ్లకుఁ దరువాత 2020లో మన ప్రభుత్వములు చేసిన యుత్తరువులకు నా 1897 నాఁటి చట్టమే యొక యాధారమగుట గమనింపఁదగినది.

నిజాము రాజ్యమునందు 1911లో హైదరాబాదు నగరమును బ్లేగు బాధించెను. దాని ఫలముగా 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడి, యిఱుకు బస్తీలను దొలఁగించి వెడల్పు వీధులు వేయ నారంభించెను. ప్లేగునాఁడు జను లిండ్లు విడిచి పొలములలోఁ బాకలు వేసికొని కాలము గడపిరి. 2020లో జనులు వీధులు విడిచి యిండ్లలోఁ గూర్చుండిరి. రెండును రోగమునుండి తప్పించుకొను నుపాయములే యయ్యును బరస్పర విరుద్ధములు. ప్లేగు ఇంటి యెలుకలనుండియు వాని పురువులగు పిసువులనుండియు వచ్చును గాన నిల్లు విడువవలసెను. కోవిడు మనుష్యుని శ్వాసమునుండి వచ్చును గాన గుంపు విడువవలసెను. సుశ్రుతచరకుల భేద మిచ్చట మఱల గోచరించుచున్నది.

నగరమునందలి నల్లకుంట జ్వరాల దవాఖానకు జనులు పెట్టిన పేరు కోరంటి. ఇది యిటలీ భాషయందు నలువది యను నర్థము గల శబ్దమునుండి పుట్టినది. 1377లో రగూసా పట్టణమువారు రోగప్రదేశములనుండి వచ్చువారిని ముప్పది దినములు వెలుపల నిలిపిరి. తరువాత వెనీసు మొదలగు రేవులయందు నా గడువు నలువది దినములయ్యెను. ఆ సంఖ్యావాచక మాంగ్లేయులనుండి మనకు వచ్చి, నలువదియను నర్థమును గోలుపోయి, కోరంటియై తెలుఁగు నాలుకకు లొంగినది. అన్యదేశ్య మిట్లు దేశ్యములతోఁ గలసిపోయినది. రోగములును శబ్దములవంటివే. కొన్ని వచ్చి పోవును. కొన్ని వచ్చి, రూపము మార్చుకొని, వాడుకలో నిలిచిపోవును.

అట్లు నిలిచినదానికి 1918 నాఁటి విషజ్వర ముదాహరణము. అది భారతదేశమునఁ గోటికి మించిన జనులను గబళించెను. 1911 జనగణనమున నిజాము రాజ్యమున నించుమించుగా 1 కోటి 33 లక్షల జనులుండఁగా 1921లో 1 కోటి 24 లక్షలే తేలిరి. ఈ క్షీణతకుఁ గఱవులును గొంత కారణము. ఆ జ్వరపు సంతతి తరువాతఁ బ్రతివత్సరమును వచ్చు సాధారణ జ్వరములలోఁ గలసిపోయినది. సహవాస మనఁగా నిదియే. కాని యా సహవాసమునకు ముందు చెల్లించిన మూల్య మెంతయో జనగణనము చెప్పుచున్నది.

ఆదిలాబాదు జ్వరము

సహవాసమును గొనియాడువా రాదిలాబాదు చరిత్రమును జదువవలెను. అచ్చటి యడవులలో మలేరియా చిరకాలముగా నిలిచియున్నది. మైదానములనుండి వచ్చిన యుద్యోగులు జ్వరమునకు వెఱచి యా మండలమునకు మార్పును శిక్షగా నెంచిరి. వచ్చినవారు పోఁగలిగిరి, గోండులు, కోలాములు, నాయకపోడులు పోలేరు గదా. వారే దానితోఁ గాపురము చేసిరి.

ఆ కాపురపు వెల శరీరమునందే లిఖింపఁబడినది. మధ్యభారతపు గిరిజనులలోవలెనే గోండులయందును రక్తకణములు కొడవలి రూపమును బొందు లక్షణము వంశానుగతముగాఁ గలదు. తల్లిదండ్రులలో నొక్కరినుండియే యా లక్షణము సంక్రమించిన శిశువునకుఁ గఠినమైన మలేరియానుండి కొంత రక్ష కలుగును. ఇరువురినుండియు సంక్రమించిన శిశువు బ్రదుకంతయు నొప్పులతోడను రక్తహీనతతోడను బాధపడును. వేలకొలఁది యేండ్లుగా జ్వరమువలనఁ బిల్లలను గోలుపోయినందున నా రక్షయే యా వంశములయందు నిలిచినది. రోగముతోఁ గలసి బ్రదుకుట యని సులభముగాఁ బలుకు మాటకు బ్రకృతి చెప్పిన యర్థ మిది. ఒక శిశువు రక్షకు వేఱొక శిశువు వెల.

1897వ సంవత్సరము మఱియొక కారణముచేతను స్మరణీయము. ఆ యేఁటి ఆగస్టు 20వ తేదీని సికింద్రాబాదునందు రొనాల్డు రాసు దోమ కడుపులో మలేరియా క్రిమిని గనుఁగొనెను. సాంక్రామికరోగముల చట్టము పుట్టిన యేఁటనే, మన రాజ్యమునందే, కట్టవలసినది మనుష్యుని గాదు మశకము ననుట తెలియవచ్చెను. ఆ యెఱుకతో 1953లో దేశమంతటను మలేరియా నియంత్రణ ప్రణాళిక యారంభమయ్యెను. 1958లో నది నిర్మూలన ప్రణాళికగా మాఱినది. మందులు చల్లి రోగమును మిక్కిలి తగ్గించిరి. అంతట శ్రద్ధ సడలెను. దోమలును మందున కలవాటుపడెను. 1976 నాఁటికి రోగులు మఱల 64 లక్షలకుఁ బెరిగిరి. నిర్మూలించితిమని తలంచి కనుమూసినను, సహవాసమేయని చేతులు ముడిచినను ఫలమొకటే. దోమతెరయు, రక్తపరీక్షయు, వానకాలమున వాగు దాఁటి పోయి మందిచ్చు మనుష్యుఁడును బ్రతివత్సరము కావలయును.

మసూచి తొలఁగుట

మసూచి చరిత్రము దీనికి భిన్నము. 1973నుండి 1975 వఱకు భారతదేశమున జరిగిన కృషియందు దేశమును మూయలేదు. ఇల్లిల్లు వెదకి, రోగి దొరకిన చోట నాతనిని వేఱుపఱచి, చుట్టుపట్లవారి కందఱకు టీకాలు వేసి, రోగము చుట్టును వలయము గట్టిరి. 1975 మే నెలతో నీ దేశమున రోగము తీఱినది. 1980 మే 8వ తేదీని ప్రపంచమున మసూచి లేదని ప్రకటింపఁబడినది. పొలిమేరకట్టు సూక్ష్మమై, యూరినుండి యింటికి, యింటినుండి రోగిచుట్టునకు సంకోచించుటవలన నది జయించెను.

కోవిడునకు నీ మార్గమేల పూర్తిగా ఫలింపలేదని యడుగవచ్చును. మసూచి పొక్కులతో వెల్లడియగును. మనుష్యునియందుఁ దప్ప నిలువదు. టీకారక్ష చిరకాలము నిలుచును. కోవిడు లక్షణములు గానరానివారినుండియు వ్యాపించును, జంతువులయందును నిలుచును, దాని రక్ష కాలక్రమమున సడలును. కాఁబట్టి మసూచివలె దానిని గట్టి చంపుట సాధ్యము గాకపోయెను.

2020వ సంవత్సరము

2020 మార్చి మధ్యమున నిండొనీసియానుండి వచ్చిన పదుగురు మతప్రచారకులు ఢిల్లీనుండి రైలుమార్గమున రామగుండము చేరి, యచ్చటినుండి కరీంనగరమునకు వచ్చిరి. వారికి రోగమున్నట్లు తేలఁగానే కలెక్టరు కార్యాలయ పరిసరములందలి వీధులను గట్టడి చేసి, వైద్యసిబ్బంది యిల్లిల్లు తిరిగి పరీక్షించిరి. ఆ పదుగురును హైదరాబాదునఁ జికిత్సపొంది కోలుకొనిరి. దేశమంతయు మూయఁబడుటకు వారము దినములకు ముందే కరీంనగర మీ యనుభవమును జూచినది. ఇచ్చట రోగమెవరినుండి వచ్చెనో తెలియును. ఎచ్చటఁ దిరిగిరో తెలియును. మందు మాత్రము లేదు. అట్టి సమయమునఁ గట్టడి యుచితమే. కాని యంతలోనే యంటు అను ధాతువు తన పాత దోషమును జూపినది. రోగులను విడిచి వారి మతమువారినెల్ల ననుమానించిన మాటలు వీధులలో వినవచ్చినవి. అది వైద్యము గాదు, పాపము.

మార్చి 22వ తేదీని జనతా కర్ఫ్యూ జరిగినది. ఆనాఁడే రాష్ట్రమున నిర్బంధము ప్రకటితమైనది. 25వ తేదీనుండి యిరువదియొక్క దినములని దేశమున నారంభమైన నిర్బంధము పలుమాఱులు పొడిగింపఁబడి మే నెలాఖరువఱకు సాగెను. రాష్ట్రప్రభుత్వ మాహారభద్రతా కార్డు గలవారికిఁ దలకుఁ బండ్రెండు కిలోల బియ్యమును, గుటుంబమునకు 1500 రూపాయలును నిచ్చెను. పల్లెలయందే ధాన్యమును గొనెను. ఇవి స్మరింపఁదగినవి. అయినను సిరిసిల్ల మగ్గములు నిలిచినవి. గల్ఫునకుఁ బోయిన జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతపు కూలీలు పని పోయి తిరిగి రాసాగిరి. హైదరాబాదునుండి యుత్తరదేశపు కూలీలు పిల్లలను భుజముల నెత్తుకొని, నలువదినాలుగవ జాతీయ మార్గమున నిర్మల, ఆదిలాబాదుల మీఁదుగా నడచి, పెన్‌గంగ దాఁటి పోయిరి. దారిపల్లెలవారు వారికి నన్నము పెట్టిరి. మే 1వ తేదీని లింగంపల్లినుండి హటియాకుఁ దొలి శ్రామిక రైలు కదలినది. అప్పటికి నిర్బంధ మారంభమై ముప్పదియేడు దినములు.

పాఠశాలలు మార్చి మధ్యముననే మూఁతపడినవి. సెప్టెంబరు 1వ తేదీనుండి దూరదర్శనముద్వారాఁ బాఠములు చెప్పించిరి. 2021 ఫిబ్రవరిలోఁ గొన్ని తరగతులు తెఱచి, మార్చి 24వ తేదీనుండి మఱల మూసి, సెప్టెంబరు 1వ తేదీని దెఱచిరి. ప్రైవేటు పాఠశాలల యుపాధ్యాయులకుఁ బ్రభుత్వము నెలకు రెండువేల రూపాయలును నిరువదియైదు కిలోల బియ్యమును నీయవలసి వచ్చినదన్నచో వారి స్థితి యూహింపఁదగును. నాయొద్ద సంస్కృతము నేర్చికొనుచుండిన తొమ్మిదవ తరగతి బాలుఁ డొకఁ డుండెను. వాని యింట నొక్కటే ఫోను. దానిని తండ్రి పనికిఁ గొనిపోవును. బాలుఁడు పెద్దపల్లి చెంత నిటుకబట్టీకిఁ బోయెను. బడి తెఱచిన నాఁడు వానికొఱకుఁ జూచితిని. రామశబ్దము పూర్తిచేసినవాఁడు హరిశబ్దమునకు రాలేదు.

ఇదియే చెప్పి విరమించినచో నేను నిర్బంధమునకుఁ గేవల విరోధి నగుదును. 2021 ఏప్రిలులో నిర్బంధము లేదు, జాగ్రత్తయు లేదు. నా జ్యేష్ఠసోదరుఁ డొక వివాహమునకుఁ బోయి వచ్చి జ్వరపడి, ప్రాణవాయువునకై వెదకుచుండఁగనే గతించెను. నలుగురు మోయువారు దొరకుట కష్టమయ్యెను. మే 12వ తేదీని రాష్ట్రమున మఱల నిర్బంధము విధింపఁబడి, జూను 20వ తేదీని దొలఁగింపఁబడినది. ఆయనకు టీకా యొక్కటియైన నందలేదు. టీకాలు జనవరి 16వ తేదీననే యారంభమైనవి. వానిలో నొకటి హైదరాబాదునఁ దయారైనదే.

ఉత్సర్గము, అపవాదము

వ్యాకరణమున నుత్సర్గమని, యపవాదమని రెండు గలవు. ఉత్సర్గము సామాన్యవిధి; అపవాదము విశేషవిధి. అపవాద ముత్సర్గమును బాధించును. ఏలయనఁగా దానికి వేఱుచోట నవకాశము లేదు. అచ్చటఁ బ్రవర్తింపకున్న నది వ్యర్థమగును. కాని యపవాదమునకుఁ దన విషయ మింతయని హద్దు గలదు. ఆ హద్దునకు వెలుపల నుత్సర్గమే ప్రవర్తించును.

పైఁ జెప్పిన చరిత్రమంతయు నీ న్యాయమునకు లొంగుచున్నది. మనుష్యులు కలసి మెలసి బ్రదుకుట యుత్సర్గము. కట్టు అపవాదము. మందు తెలియక, కారణము స్పష్టముగాక, వైద్యశాలలు నిండునపుడు దానికిఁ జోటు గలదు. అప్పుడు దానిని మానుట ప్రాణములను విడుచుట. కరీంనగర వీధులకట్టు, వేపమండ, మసూచి వలయము హద్దెఱిఁగిన యపవాదములు. దేశమంతటి మూఁత నెలలకొలఁది సాగినపు డపవాద ముత్సర్గమైనది. తొలి వారములలో నది వైద్యశాలలను సిద్ధము చేయుటకుఁ గొంత కాల మిచ్చినదనుట నిజము. ఇటుకబట్టీయు నలువదినాలుగవ మార్గమును దాని వెలయనుటయు నిజము. సహవాసమును నట్టిదే. టీకాయు, బరీక్షయు, వైద్యుఁడును లేని సహవాస ముత్సర్గము గాదు, ఉపేక్ష. ఆదిలాబాదు గోండులకు లభించినది చిరకాల మదియే. మా యన్నకును బ్లవ సంవత్సరమున నదియే లభించినది.

ఎఱుక పెరిగినకొలఁదిఁ గట్టు చిన్నదగుట యీ చరిత్రమునందుఁ గనఁబడు క్రమము. దేశమును గట్టుటనుండి యూరిని, ఊరినుండి యింటిని, ఇంటినుండి రోగిని, చివరకు మనుష్యుని విడిచి దోమను గట్టుట నేర్చికొంటిమి. ఇఁకముందు రాఁబోవు వ్యాధికిఁ బాలకులు పొలిమేర కట్టఁదలఁచినపుడు మన మడుగవలసిన ప్రశ్నలు మూఁడు: దేనిని గట్టుచున్నారు? ఎంత గడువు? కట్టఁబడినవానికి నన్నము పెట్టువాఁ డెవఁడు? కట్టు విప్పినపుడు మఱియొక ప్రశ్న గలదు: విప్పినతోడనే మందు వాగు దాఁటి పోవుచున్నదా? మన పల్లెవారు వేపమండ కట్టిననాఁడే గడువును, గడపవద్ద నన్నము పెట్టుటను నెఱిఁగియుండిరి. అంటు మనుష్యునకుఁ జెప్పరాదను నొక్కటి మాత్ర మెఱుఁగరైరి. ఆ లోటును దీర్చుకొని, మిగిలినదానిని మఱవకుండుట మన పాఠశాలలయందు బోధింపఁదగిన విషయమని నాకుఁ దోఁచుచున్నది. ఈ ప్రాంతముల ప్లేగు, మసూచి, మలేరియాలనుగూర్చి గ్రామవృద్ధు లెఱిఁగిన విషయములు పెక్కులు వ్రాఁతకెక్కక నశించుచున్నవి. ఆయా గ్రామములందలి యుపాధ్యాయులు వానిని సేకరించి ప్రకటింతురు గాక.